మడ పెరిగింది సరే, మా వల ఎక్కడ వెయ్యాలి?

తీరం కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. మడ అడవిని కాపాడాలన్నా, చేపని కాపాడాలన్నా, తాబేలుని కాపాడాలన్నా ముందు మా పడవనే ఎందుకు ఆపుతారు అని. పేర్లు వెయ్యొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యడం లేదు, ఊరో మండలమో మాత్రం ఉంచాను. పొడుగాటి ఉత్తరాల్ని కాస్త కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది బలుసుతిప్ప పక్కనండి. మా అత్తగారి కాలం నుంచీ మడ కాలవల్లో పీతలు పట్టుకుని బతికినవాళ్లం. పర్రలో, అదే ఉప్పు నేలలో, కాలవలు తవ్వి మడ మొక్కలు వేస్తామంటే ఆ తవ్వకం కూలికి మేమే వెళ్లాం, డబ్బులూ వచ్చాయి, కాదనను. ఇప్పుడు మొక్కలు నడుమెత్తు పెరిగాక అటు రావద్దంటున్నారు. మడ పెరిగితే చేపలు పెరుగుతాయని మీటింగుల్లో చెబుతారు కదండీ, ఆ పెరిగిన చేపలు ఎవరికండి? (ఒక పాఠకురాలు, కాట్రేనికోన మండలం)

జవాబు: మీటింగులో చెప్పింది అబద్ధం కాదమ్మా. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలోనే అయినా పిల్ల మాత్రం పోటు నీళ్లతో పాటు కాలవలోకి వచ్చి, మడ వేర్ల సందున దాక్కుని, రాలిన ఆకు కుళ్లగా పుట్టిన మేత తిని, కాస్త ఒళ్లు చేశాకే తిరిగి సముద్రం దారి పడుతుంది. పండుగప్ప, కొయ్యింగ పిల్లలదీ ఇంచుమించు అదే వరస. మడపీత గురించి మీకు నేను చెప్పేదేముంది, బొరియలో కొక్కెం పెట్టి లాగేది మీరు.

ఆ కాలవల పని కూడా ఒట్టి షో కాదు. పాతకాలంలో మడని కూపులుగా, అంటే ఒక్కో ముక్కలో చెట్లన్నీ ఒకేసారి, నరికిన చోట నేల పల్లమైపోయింది. పోటుకి లోపలికొచ్చిన నీరు పాటుకి బయటికి పోలేక అక్కడే నిలిచి ఎండి, పైన తెల్లగా ఉప్పు పేరుకుంది. అలాంటి చోట గింజ పడినా మొలవదు. అందుకని మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలవలు, పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉండేట్టు తవ్వి, నీరు రోజూ వచ్చిపోయేట్టు చేస్తారు. మొక్క నాటేది కాలవ గట్టు వాలులో, అంటే పోటు నీరు వేర్లని తడిపి పోవాలి గానీ మొక్కని ముంచి కూర్చోకూడదు. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, మీలాంటి ఊళ్ల వన సంరక్షణ సమితులు కలిసి గోదావరి మడల్లో చేసింది ఈ పద్ధతే. తరవాత 2023లో కేంద్రం మిష్టి అని మడల కోసమే ఒక పథకం మొదలుపెట్టింది. ఉపాధి హామీ డబ్బుని కూడా దానికి కలుపుకోవచ్చన్నారు. కూలి ఇస్తారు, మొక్క పెరుగుతుంది, బాగానే ఉంది.

చిక్కు మొక్క పెరిగిన తరవాతే వస్తుంది. పథకం కాగితంలో హెక్టార్లు ఉంటాయి, మొక్కలు ఉంటాయి, పనిదినాలు ఉంటాయి. ఆ కాలవలో రోజూ వల వేసే మనిషి ఉండడు. నాటిన చోట మొదటి మూణ్ణాలుగేళ్లు తొక్కకూడదంటే అర్థముంది, గేదెల్ని తోలొద్దన్నా అర్థముంది, లేత మడ ఆకంటే గేదెకి ఎంత ఇష్టమో మీకు తెలుసు. పొయ్యిలోకి పచ్చి మడ నరకడం కూడా ఆపాల్సిందే, ఆ మాట అంటే మీకు కోపం వచ్చినా సరే. కానీ నాటిన ముక్కని మూయడం వేరు, కాలవ మొత్తాన్ని మూయడం వేరు. పీత పట్టేవాడు మడని నరకడు, మడ పోతే ముందు పోయేది అతని కూడే.

చట్టం ఏమంటుందో చూద్దాం. కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది, 235.7 చదరపు కిలోమీటర్లు. దాని లోపల వన్యప్రాణి చట్టం గట్టిగా ఉంటుంది, అనుమతి లేకుండా వెళ్లకూడదు, నిజమే. అయితే అదే చట్టంలోని 26ఏ సెక్షన్, సముద్ర జలాల్ని అభయారణ్యంలో కలిపేటప్పుడు స్థానిక మత్స్యకారుల జీవనానికి దెబ్బ తగలకుండా తగిన ఏర్పాట్లు చెయ్యాలని చెబుతోంది. ఆ మాట ఎవరూ మీకు చదివి వినిపించరు. అభయారణ్యం బయట రిజర్వు అడవిలో ఉన్న కాలవల సంగతికొస్తే, 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి) కింద నీటి వనరుల్లో చేపలు పట్టుకోవడం ఊరు ఉమ్మడిగా అడగదగ్గ హక్కు. గిరిజనులు కానివాళ్లయితే 2005 డిసెంబర్ 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడ ఉంటూ దానిమీదే ఆధారపడ్డట్టు చూపాలి. కష్టమే, ఎందుకంటే తుఫానుకి తిప్ప మారిన ప్రతిసారీ ఇల్లు మార్చుకున్న వాళ్ల దగ్గర కాగితాలు ఎక్కడుంటాయి? అయినా పెద్దవాళ్లు ఇచ్చే వాంగ్మూలం కూడా సాక్ష్యంగా పనికొస్తుందని నిబంధనల్లోనే ఉంది. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. నోటిమాటగా "రావద్దు" అంటే "ఏ ఉత్తర్వు ప్రకారం, ఎన్నేళ్లు, ఏ హద్దుల వరకు" అని రాతపూర్వకంగా అడగండి. సగం అడ్డంకులు కాగితం అడిగేసరికి వదులైపోతాయి.

ఇంకోటి. ఓఎన్‌జీసీ పైపులైను పనుల వల్ల వేట పోయిన కుటుంబాలకి నెలకి 11,500 రూపాయల చొప్పున పరిహారం లెక్కకట్టి ఇచ్చారు. అది చాలినా చాలకపోయినా, వేట ఆగితే ఇంటికి ఇంత నష్టం అని ప్రభుత్వమే ఒక అంకె వేసినట్టయింది కదా. మరి అడవి పేరుతో కాలవ మూస్తే అదే ఇంట్లో పొయ్యి వెలగని రోజుకి అంకె ఎందుకు లేదు? నాకు అర్థం కాని ముక్క ఇదే. గ్యాసు కంపెనీ ఆపితే నష్టం, మొక్క ఆపితే త్యాగమా?

ప్రశ్న: ఏప్రిల్ వచ్చిందంటే వేట నిషేధం అంటారు. దానివల్ల నిజంగా చేపలు పెరుగుతున్నాయా, లేక ప్రతి ఏడూ ఊరికే చేసే తంతా? మా నాన్న బోటు మీద కళాసీ. నేను డిగ్రీ చదువుతున్నాను. (ఓడలరేవు)

జవాబు: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. 2015కి ముందు 47 రోజులే ఉండేది. చాలా రకాల చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ రోజుల్లో వదిలెయ్యాలి అన్నది ఆలోచన. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ రెండు నెలలూ సముద్రానికి కాస్త ఊపిరి ఆడుతుంది, జూన్ 15 తరవాత మొదటి వేటలు బాగుంటాయని మీ నాన్నగారే చెబుతారు.

అయితే ఆ బాగు ఎన్నాళ్లు నిలుస్తుంది అనేదే అసలు ప్రశ్న. నిషేధం ఎత్తిన రోజే బోట్లన్నీ ఒక్కసారి పడతాయి. సన్న కన్ను ట్రాల్ వల అడుగంతా ఊడ్చుకొస్తుంది, వేలెడు లేని పిల్లలు కూడా చెత్త చేపగా మేత మిల్లులకి పోతాయి. రెండు నెలలు దాచింది రెండు వారాల్లో ఖర్చు పెట్టినట్టు. కేరళలో 2015 నుంచి ఇంత సైజు కన్నా చిన్న చేపని పట్టకూడదని రకాల వారీగా నిబంధన పెట్టారు, మనకి కావాల్సింది అలాంటిది కూడా. మన దగ్గర 1994 చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలదే, మరబోటు అటు బయట వేటాడాలి. రాత్రిపూట ఒడ్డున నిలబడి ఆ లైట్లు ఎంత దగ్గర్లో ఉన్నాయో చూస్తే చట్టం ఎంత అమలవుతోందో ఎవరికైనా తెలుస్తుంది. సంవత్సరమంతా జరిగే ఈ ఉల్లంఘన మీద చూపించని పట్టుదల ఏప్రిల్‌లో తీరాన కట్టేసిన చిన్న ఫైబర్ పడవ మీద చూపిస్తారు.

డబ్బు సంగతి. నిషేధం రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10 వేలకి పెరిగింది, 2025 నుంచి 20 వేలు. రెండు నెలలకి ఒక ఇంటికి 20 వేలంటే పాత అప్పు వడ్డీకి సరిపోతుందేమో గానీ నయమే. నన్ను బాధపెట్టేది వేరు. ఆ లెక్కంతా పడవ ఎక్కేవాడి చుట్టూనే. తెల్లారుజామున ఒడ్డు దగ్గర వేలంలో పాట పాడుకుని కొని, గంప నెత్తిన పెట్టుకుని ఆటోలో పది ఊళ్లు తిరిగే మీ అమ్మగారికి, మెత్తళ్లు ఎండబెట్టుకుని సంతలో అమ్ముకునే మీ పిన్నిగారికి కూడా అదే 61 రోజులు సరుకు ఉండదు. వాళ్లు ఏ జాబితాలోనూ లేరు. డిగ్రీ చదువుతున్నానన్నావు కాబట్టి నీకో పని చెబుతాను: మీ పేటలో గంప మోసేవాళ్లు ఎంతమందో, నిషేధం రోజుల్లో వాళ్లు ఎంత అప్పు చేస్తారో ఇంటింటికీ వెళ్లి రాయి. ఆ కాగితం మీ ఊరి సచివాలయంలో ఇవ్వు, మాకూ ఒక కాపీ పంపు, వేస్తాం.

ప్రశ్న: తాబేళ్లు చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడల్లా పేపర్లో మా ట్రాలర్ల ఫొటోనే వేస్తారు. వలకి ఆ టెడ్ అనేది బిగిస్తే రొయ్యలన్నీ పోతాయని బోటు నడిపే మా సరంగు ఒప్పుకోడు. మీరేమంటారు? (ఒక కళాసీ, కాకినాడ)

జవాబు: ఫొటో వెయ్యడం అన్యాయమేమీ కాదు తమ్ముడూ, మన్నించు. ఆలివ్ రిడ్లీ తాబేలు నీళ్లలో బతికినా పీల్చేది గాలి. గుడ్లు పెట్టే కాలంలో అవి తీరానికి దగ్గరగా గుమిగూడతాయి, జనవరి నుంచి మార్చి దాకా మరీను. అప్పుడే ట్రాల్ వల గంటల తరబడి అడుగున లాగుతుంటే లోపల చిక్కుకున్న తాబేలు పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. దెబ్బలేవీ కనబడవు, అందుకే "మా వల కాదు" అనడానికి వీలవుతుంది.

టెడ్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. వల మెడ దగ్గర ఇనుప ఊచల చట్రాన్ని ఏటవాలుగా బిగిస్తారు. రొయ్యలు, చిన్న చేపలు ఊచల సందులోంచి వెనక సంచిలోకి పోతాయి. తాబేలు పట్టదు కాబట్టి చట్రం మీద జారుకుంటూ వెళ్లి, అక్కడ మూతలా కుట్టిన వల ముక్కని తోసుకుని బయటపడుతుంది. దాంతో పాటు కొన్ని పెద్ద చేపలు పోతాయి, అబద్ధం చెప్పను. కానీ రొయ్యలన్నీ పోతాయన్న మాట మాత్రం నిజం కాదు. కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకి తగ్గట్టు చేసిన నమూనాలో ఆ నష్టం చాలా తక్కువ. సరంగు ఒప్పుకోకపోవడానికి కారణం రొయ్యలు పోవడం కంటే బిగించడం, విప్పడం, కడగడంలో ఉన్న విసుగు అని నా అనుమానం.

ఇందులో డబ్బు కూడా ఉంది. తాబేళ్ల రక్షణ సరిగా లేదని అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపేసింది. చెరువు రొయ్యకి ఆ తలనొప్పి లేదు, దాన్ని కొనడం ఆపలేదు. అంటే టెడ్ లేకపోవడం వల్ల ధర పోగొట్టుకుంటున్నది మీరే. ఈ మాట సరంగుతో కాదు, బోటు ఓనరుతో మాట్లాడు. ఇంకా ఒక సంగతి, తాబేలు గుడ్ల కోసం ఒడ్డున ఇసకలో కంచె కట్టి పిల్లలు బయటకొచ్చేదాకా కాపలా కాసే పనిలో అటవీ శాఖ మన పేటల కుర్రాళ్లనే పెట్టుకుంటోంది. కోరింగ చుట్టుపక్కల, సఖినేటిపల్లి వైపు చూశాను. నెల జీతం పెద్దదేం కాదు, కాలం అయిపోగానే పనీ అయిపోతుంది, కానీ తాబేలు వల్ల మనకి ఒక రూపాయి వచ్చిన చోటు అదొక్కటే.

ప్రశ్న: ఈ నిషేధాల వల్ల పులస అయినా బతుకుతుందా? పుస్తెలమ్మి తినాలంటే ఇప్పుడు పుస్తెలు కూడా చాలవు. (రాజమహేంద్రవరం)

జవాబు: చాలవు, యానాంలో ఒక్క చేప 20 వేల పైన పలికిన రోజులున్నాయి. కానీ వేట నిషేధానికీ పులసకీ పెద్ద సంబంధం లేదు. నిషేధం జూన్ 14తో అయిపోతుంది. ఇలస, అంటే సముద్రంలో ఉన్నప్పుడు పులసకి ఉండే పేరు, సముద్రం వదిలి గోదావరిలోకి ఎదురీదేది ఆ తరవాత, ఎర్ర నీరు తగిలాక, జూలై నుంచి సెప్టెంబర్ మధ్యలో. అంటే గుడ్లు పెట్టడానికి పైకి వచ్చేటప్పుడే, కడుపులో గుడ్లతోనే, మనం దాన్ని వలేసి పట్టి వేలం వేస్తున్నాం. ఆ దారిలో ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం. మొదటిది 1852లో పూర్తయినప్పటి నుంచీ ఆ చేపకి పై గోదావరి దూరమే. మొగల దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసక మేటలు వేసి నీరు పల్చబడితే లోపలికి రావడమే కష్టం. ఏటిలో వల వేసే నావవాడిని ఒక్కడినే ఆపితే పులస వెనక్కి రాదు. ఆపాలనుకుంటే వరద మొదటి రోజుల్లో కొన్ని రోజులు, మొగ దగ్గరా ఆనకట్ట కిందా రెండు చోట్లా ఆపి, ఆ కొన్ని రోజుల కూలీ ఇవ్వాలి. అలాంటి పథకం ఎవరైనా పెడితే ముందు నేను చప్పట్లు కొడతాను.

ప్రశ్న: మీరు ఎప్పుడూ పడవల గురించే రాస్తారు. మడ నరికింది పడవలా, చెరువులా? (మొగల్తూరు)

జవాబు: సూటిగా అడిగారు. పొయ్యి కోసం మడ కొట్టినవాళ్లు ఉన్నారు, కానీ ఎకరాలకి ఎకరాలు చదును చేసింది రొయ్యల చెరువే. 1996లో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో చెరువులు వద్దంది, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, చెరువుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. ఆ అథారిటీ మార్గదర్శకాల ప్రకారం 5 హెక్టార్లు, ఆ పైన ఉన్న ఫారానికి వాడిన నీటిని శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలి. మన దగ్గర ఎక్కువ చెరువులు అంతకంటే చిన్నవి. విడిగా చూస్తే ఏ చెరువూ తప్పు చెయ్యదు, రొయ్యల పట్టుబడి అయ్యాక అందరూ వదిలిన నీరు ఒకే మురుగు కాలవలో కలిసి మొగ దగ్గరికి చేరేసరికి మాత్రం పీత పట్టేవాడి కాళ్లు దురదలు పెడతాయి. 2023లో ఆ చట్టాన్ని సవరించి జైలు శిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టారు. అదే ఏడాది మడల కోసం మిష్టి పథకం మొదలైంది. ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, నేను వేరే చెప్పక్కర్లేదు. చెరువు రైతులందరూ దొంగలని నా ఉద్దేశం కాదు, లీజుకి తీసుకుని తెల్లమచ్చ తెగులుకి మునిగిపోయినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. నాలుగు చెరువులకి కలిపి ఒక శుద్ధి కుంట పెట్టుకునేట్టు చెయ్యొచ్చు, చెయ్యడం లేదు, అంతే.

ప్రశ్న: సెలవులకి పిల్లల్ని కోరింగ తీసుకెళ్తున్నాం. ఏ టైంలో వెళ్తే బాగుంటుంది? (తణుకు)

జవాబు: చెక్క వంతెన మీద నడవడానికైతే పాటు సమయంలో వెళ్లండి, నీరు దిగి బురద బయటపడితే పైకి పొడుచుకొచ్చిన గాలి వేర్లు, బురద మీద గెంతే చిన్న చేపలు కనిపిస్తాయి. పడవ ఎక్కాలంటే పోటుకి. పిల్లల్ని ఆకులు తుంచనివ్వకండి, తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు. చిప్స్ కవర్లు బ్యాగులోనే వేసుకోండి. వచ్చేటప్పుడు రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని కూర్చున్న అక్కల దగ్గర బేరం ఆడకుండా ఒక కిలో కొనండి.

ప్రశ్న: భృతి జాబితాలో పోయిన ఏడు నా పేరు లేదు. పడవలో ఆరుగురం వెళ్తాం, ఐదుగురికి వచ్చింది. ఈసారి ఏం చెయ్యాలండి, ఆయ్? (భైరవపాలెం)

జవాబు: డబ్బు పడే రోజు దాకా ఆగొద్దు. నిషేధం మొదలయ్యాక పడవలన్నీ ఒడ్డున ఉన్నప్పుడే లెక్క రాసుకోవడానికి వస్తారు, ఆ రోజు ఊళ్లో ఉండండి, పడవ దగ్గర ఉండండి. పడవ రిజిస్ట్రేషన్ బతికే ఉందో లేదో ఓనరుని అడిగి చూసుకోండి, అది లేకపోతే ఆరుగురికీ ఎసరే. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసు ఉండాలి, ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడి పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. జాబితా సచివాలయంలో అంటించినప్పుడు ఫోన్లో ఫొటో తీసుకుని, పేరు లేకపోతే గ్రామ మత్స్య సహాయకుడికి అర్జీ ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి. ఇవ్వనంటే అర్జీ రెండో కాపీ మీద తేదీ వేసి సంతకం పెట్టమనండి. మిగతా ఐదుగురినీ వెంటబెట్టుకుని వెళ్లండి, ఒక్కరే వెళ్తే రేపు రమ్మంటారు.